మాల తీసిన మర్నాడు

(విజయవాడ సత్యనారాయణపురంలో ఒక కాలనీ గ్రంథాలయం వాళ్లు డిసెంబరు చివరి ఆదివారం పెట్టిన సభలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినిపిస్తోందా అండీ? సరే, మొదలుపెడదాం.

ఈ నెలలో మన ఊరంతా ఎరుపే. వన్‌టౌన్ వైపు పనుండి వెళ్లినవాళ్లకి తెలుస్తుంది, ఇంద్రకీలాద్రి చుట్టూ గిరి ప్రదక్షిణ చేసే భవానీలతో రోడ్డు మీద కాలు పెట్టే సందు లేదు. వాళ్ల దీక్షలు అయ్యాయి, ఇరుముడులు సమర్పించారు, ఎవరి ఊళ్లకి వాళ్లు వెళ్లిపోయారు. నల్లబట్టల అయ్యప్ప స్వాములు మాత్రం సంక్రాంతి దాకా కనిపిస్తూనే ఉంటారు. ఈలోగా జనవరి ఒకటి వచ్చేస్తోంది. బెసెంట్ రోడ్డులో కొత్త డైరీలు, కేకుల షాపుల ముందు షామియానాలు. ఈ ఏడాదైనా బరువు తగ్గాలి, అప్పు తీర్చాలి, ఇంగ్లీషు నేర్చుకోవాలి, ఫోన్ చూడడం తగ్గించాలి అని మనం అనుకునే రోజులు ఇవే.

నేను ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి మాట్లాడదామని వచ్చాను. మాల వేసుకున్న మనిషి 41 రోజులు నిలబడతాడు. అదే మనిషి జనవరి ఒకటిన అనుకున్న మాట మీద భోగిమంట దాకా కూడా నిలబడడు. మనిషి ఒక్కడే, మనసూ ఒక్కటే. మరి తేడా ఎక్కడుంది?

మీ వీధిలోనే చూసి ఉంటారు. రోజుకో పెట్టె సిగరెట్లు కాల్చే మనిషి. డాక్టరు చెప్పాడు, భార్య ఏడ్చింది, కూతురు మాట్లాడడం మానేసింది, అయినా మానలేదు. కార్తీకంలో మెడలో మాల పడింది. ఆ రోజు నుంచి తెల్లవారకముందే లేచి చన్నీళ్లు పోసుకుంటున్నాడు. చెప్పుల్లేకుండా తిరుగుతున్నాడు, చాప మీద పడుకుంటున్నాడు, సిగరెట్టు ముట్టడు, మందు జోలికి పోడు. అంతా స్వామి మహిమ అంటాం. నేను కాదనను, భక్తి గురించి తీర్పు చెప్పేంత వాణ్ని కాను. కానీ ఆ మహిమతో పాటు ఆ 41 రోజుల చుట్టూ చాలా గట్టి ఏర్పాటు ఒకటి ఉంది. దాన్ని మనం చూసీ చూడనట్టు వదిలేస్తున్నాం.

మొదటిది, పేరు మారిపోతుంది. నిన్నటిదాకా ఒరేయ్ అన్నవాడు కూడా ఇవాళ స్వామీ అంటాడు. రోజుకి యాభైసార్లు ఎవరో ఒకరు ఆ పేరుతో పిలిచి, నువ్వు దీక్షలో ఉన్నావని గుర్తు చేస్తుంటారు. రెండోది, బట్టలు. నల్లబట్టలు కట్టుకుని సిగరెట్టు అడిగితే కిళ్లీకొట్టు వాడే ఇవ్వడు, ఎగాదిగా చూస్తాడు. అంటే కాపలా కాసే పని ఆయన ఒక్కడి మీద లేదు, వీధంతా పంచుకుంది. మూడోది నాకు చాలా తెలివైనదిగా కనిపిస్తుంది. భజనలు, పడిపూజలు ఎక్కువగా సాయంత్రం, రాత్రి వేళల్లో ఉంటాయి. మామూలు రోజుల్లో ఆ వేళకి ఆ మనిషి ఎక్కడ ఉండేవాడో గుర్తు చేసుకోండి. ఆ వేళని ఖాళీగా వదల్లేదు. పాత అలవాటుకి అలవాటైన గంటలోనే కొత్త పని తెచ్చి పెట్టారు.

ఇక గురుస్వామి. అనుమానం వస్తే అడగడానికి ఒక మనిషి ఉన్నాడు. ఆయన చాలాసార్లు వెళ్లొచ్చినవాడు, ఎక్కడ మోకాళ్లు నొప్పి పెడతాయో, ఏ రోజు విసుగొస్తుందో ఆయనకి తెలుసు. పైగా నియమాలన్నీ ముందే ఖరారు అయిపోయాయి. ఇవాళ స్నానం చెయ్యాలా వద్దా అని రోజూ పొద్దున్నే మనసుతో బేరం ఆడక్కర్లేదు. ఆ బేరంలోనే మనం ఓడిపోతాం అండీ, అందులోనూ డిసెంబరు చలిలో దుప్పటి కప్పుకుని ఆడే బేరంలో.

ఇప్పుడు జనవరి ఒకటి సంగతి చూడండి. రాత్రి పన్నెండింటికి, టపాసుల మోతలో, రేపటి నుంచి వాకింగ్ అనుకుంటాం. ఎక్కడ, ఎన్నింటికి, ఎవరితో, ఏమీ లేదు. మరీ ఉత్సాహం ఉంటే వాట్సాప్ స్టేటస్ పెడతాం, అది 24 గంటల్లో మాయమైపోతుంది. ఇంత తక్కువ ఏర్పాటుతో మొదలుపెట్టి, మూడో వారానికి ఆగిపోతే, నాకు మనోబలం లేదండీ అని మనల్ని మనమే తిట్టుకుంటాం. మనోబలం లేనివాడు 41 రోజులు చన్నీళ్లు ఎలా పోసుకున్నాడు?

అయితే దీక్షని ఆకాశానికెత్తి ఊరుకుంటే సగం నిజమే చెప్పినవాణ్ని అవుతాను. మాల తీసిన మర్నాడు ఏమవుతుందో కూడా మీకు తెలుసు. కొంతమంది మర్నాటి దాకా కూడా ఆగరు, శబరిమల నుంచి తిరుగు రైలు విజయవాడ చేరకముందే అగ్గిపెట్టె వెతుక్కుంటారు. (నవ్వులు) నవ్వుతున్నారంటే మీ ఇళ్లల్లోనూ ఉన్నారన్నమాట. వాళ్లని తప్పు పట్టడానికి చెప్పడం లేదు. ఒక్కసారి ఆలోచించండి, ఆ రోజు ఏం పోయింది? మాలతో పాటే పేరు పోయింది, బట్టలు పోయాయి, భజన పోయింది, గురుస్వామి తన పనిలో తాను పడ్డాడు. ఇన్నాళ్లూ నిలబెట్టిన ఏర్పాటు మొత్తం ఒకే రోజు తీసేశారు. పందిరి తీసేశాక తీగ ఎక్కడికి పాకుతుంది?

41 రోజులు చేశాక అలవాటు అయిపోయి ఉండాలి కదా అని అడగొచ్చు. 21 రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందని యూట్యూబ్‌లో చెప్తారు కూడా. ఆ 21 ఎక్కడి నుంచి వచ్చిందో చెప్తాను. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అని అమెరికాలో ఒక ప్లాస్టిక్ సర్జన్ ఉండేవాడు. ఆపరేషన్ అయ్యాక రోగులకి తమ కొత్త ముఖం అలవాటు కావడానికి కనీసం 21 రోజులు పడుతోందని 1960లో రాశాడు. ఆయన రాసిన కనీసం అనే మాట నోటి నుంచి నోటికి వెళ్లేటప్పుడు రాలిపోయింది, 21 మిగిలింది. ముక్కు ఆపరేషన్ లెక్క తెచ్చి మన వాకింగ్‌కి తగిలించారు.

నిజంగా లెక్కపెట్టిన వాళ్లున్నారు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ, ఆమె సహచరులు 96 మందిని తీసుకుని, రోజూ ఒకే సందర్భంలో ఒక చిన్న కొత్త పని చెయ్యమన్నారు. భోజనంతో పాటు పండు తినడమో, మంచినీళ్లు తాగడమో, కాసేపు పరుగెత్తడమో, ఎవరికి నచ్చింది వాళ్లు. ఆలోచించకుండా దానంతట అది జరిగిపోయే స్థితి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కానీ ఆ అంకె కన్నా దాని అటూ ఇటూ ముఖ్యం: ఒకరికి 18 రోజులు సరిపోతే, ఇంకొకరి లెక్క 254 రోజుల దాకా వెళ్లింది. నీళ్లు తాగడం లాంటివి త్వరగా కుదురుకుంటాయి, వ్యాయామం లాంటివి ఆలస్యంగా. అంటే 41 రోజుల తర్వాత మనిషి జారాడంటే చాలామంది విషయంలో అలవాటు ఇంకా సగం దారిలోనే ఉందన్నమాట.

ఆ పరిశోధనలోనే ఇంకో మాట ఉంది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు పడడానికి చెప్పుకోదగ్గ నష్టం జరగలేదు. నష్టం చేసేది తప్పిన రోజు కాదు, ఆ తర్వాత మనం అనుకునే మాట. మునిగినవాడికి చలేంటి అంటాం చూడండి, అది. 1975లో వచ్చిన ఒక ప్రయోగంలో, తిండి తగ్గించుకుంటున్న వాళ్లలో కొందరికి ముందు మిల్క్‌షేక్ తాగించి, తర్వాత ఐస్‌క్రీమ్ రుచి చూడమన్నారు. మిల్క్‌షేక్ తాగినవాళ్లు కడుపు నిండింది కదా అని తక్కువ తినాలి. తాగని వాళ్లకన్నా ఎక్కువ తిన్నారు. ఎలాగూ పథ్యం చెడింది కదా! సంక్రాంతి మూడు రోజులు అరిసెలు తిన్నామని జనవరి అంతా వదిలేసే మనకి ఆ ప్రయోగం వేరే చెయ్యక్కర్లేదు.

ఇప్పుడు లక్ష్యం ఎలా రాసుకోవాలి అన్న దానికి వస్తాను. దీనికి ఎక్కడికో వెళ్లక్కర్లేదు, మన బెజవాడలోనే మంచి పాఠం ఉంది. 1920 డిసెంబరులో నాగపూర్ కాంగ్రెస్ జరిగింది. ఏడాదిలో స్వరాజ్యం తెస్తామని గాంధీగారు అంటున్న రోజులవి. గొప్ప మాట, దేశం ఊగిపోయింది. కానీ ఆ మాట విన్న గుడివాడ రైతో, తెనాలి వకీలో రేపు పొద్దున లేచి ఏం చెయ్యాలి? మూడు నెలల తర్వాత, 1921 మార్చి 31న, ఏప్రిల్ 1న అఖిల భారత కాంగ్రెస్ కమిటీ ఇక్కడ బెజవాడలో కూర్చుంది. పింగళి వెంకయ్యగారు జెండా నమూనా గాంధీగారికి ఇచ్చిన సభలని మనం ఇప్పటికీ చెప్పుకుంటాం. చెప్పుకోవాలి కూడా. కానీ ఆ సభ ఇంకో పని చేసింది. జూన్ 30 లోపు తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు పోగు చెయ్యాలి, కాంగ్రెస్‌లో కోటి మందిని చేర్చాలి, 20 లక్షల రాట్నాలు ఇళ్లల్లో తిరగాలి. మూడు అంకెలు, ఒక తేదీ.

ఏమైంది? నిధి కోటి దాటింది. సభ్యులు కోటికి చేరలేదు. ఏడాదిలో స్వరాజ్యమూ రాలేదు, ఇంకో 26 ఏళ్లు పట్టింది. అయినా ఆ మూడు నెలల్లో పల్లెపల్లెకీ మనుషులు తిరిగారు, జోలె పట్టారు, ఆడవాళ్లు నగలు తీసి ఇచ్చారు. ఎందుకంటే ఎంత వచ్చింది, ఇంకా ఎంత రావాలి అని ఎవరైనా లెక్క వేసుకోగలిగారు. స్వరాజ్యం ఇవాళ ఎంత వచ్చిందో ఎవరు కొలుస్తారు? ఎడ్విన్ లాక్ అనే అమెరికన్ పండితుడు 1968 నుంచి ఇదే చెప్తూ వచ్చాడు. చేతనైనంత చెయ్యండి అన్నప్పటి కన్నా, కాస్త కష్టమైనదే అయినా ఫలానా ఇంత అని చెప్పినప్పుడు మనుషులు ఎక్కువ చేస్తారని.

కాబట్టి ఆరోగ్యంగా ఉండాలి అన్నది మన నాగపూర్. అది ఉండాలి, తీసెయ్యకండి. దాని కింద మన బెజవాడ తీర్మానం రాసుకోవాలి. మార్చి నెలాఖరు లోపు వారానికి నాలుగు రోజులు, పొద్దున ఆరింటికి, ఏలూరు కాలువ గట్టు మీద, అరగంట, పక్కింటి ఫలానా ఆయనతో. మూడు నెలలు చాలు. ఏడాది మొత్తానికి ఒకేసారి రాయడం మన చేతుల్లో లేని పని.

ఎప్పుడు, ఎక్కడ అని రాయడం చాదస్తంగా కనిపిస్తుంది, కానీ ఫలితం ఉంటుంది. జర్మనీలో పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1997లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. క్రిస్మస్ ముందు రోజు రాత్రి ఎలా గడిచిందో రెండు రోజుల్లో రాసి పంపమని విద్యార్థులకి చెప్పారు. కొందరిని మాత్రం ఏ వేళ, ఎక్కడ కూర్చుని రాస్తారో ముందే నిర్ణయించుకోమన్నారు. అలా నిర్ణయించుకున్నవాళ్లలో మూడింట రెండొంతులకి పైగా పంపారు, మిగతావాళ్లలో మూడింట ఒక వంతు. పండగ రోజులు, ఇంట్లో చుట్టాలు, అయినా అంత తేడా.

అయితే జర్మనీ వాళ్ల ఏడాది వేరు, మన ఏడాది వేరు. ఇక్కడ నేను కొంచెం ఆగుతాను, ఎందుకంటే లక్ష్యాలు రాసేవాళ్లు ఎవరూ పంచాంగం ముందు పెట్టుకోరు. మన అనుకున్న పనులు ఊరికే ఏదో ఒక రోజు తెగవు. ఫలానా చోట్ల తెగుతాయి, ఆ చోట్లు ముందే తెలుసు. సంక్రాంతికి ఊరు వెళ్తాం, ఒక వారం పోయింది. ఫిబ్రవరి, మార్చి ఇంటర్, పదో తరగతి పరీక్షలు. పరీక్ష పిల్లాడిదైనా టెన్షన్ ఇంటిల్లిపాదిదీ. ఉద్యోగస్తులకి మార్చి లెక్కలు. ఏప్రిల్, మేలలో మన ఊరి ఎండ సంగతి చెప్పక్కర్లేదు, బ్లేజ్‌వాడ అని ఊరికే అనలేదు. రోహిణి కార్తెలో పొద్దున ఏడింటికే రోడ్డు కాలుతుంది. జనవరిలో ఏడింటికి వాకింగ్ అని రాసుకున్నవాడు మేలో ఆగిపోతే అది బద్ధకం కాదు, టైం టేబుల్ తప్పు. అవే నెలల్లో పెళ్లిళ్లు, రోజుకో భోజనం. జూన్‌లో స్కూలు ఫీజులు, పొదుపు లక్ష్యం అక్కడ తెగుతుంది. ఆషాఢంలో కాస్త ఊపిరి. శ్రావణం నుంచి వ్రతాలు, చవితి, దసరా, దసరా అంటే మన ఊళ్లో ఇంటి నిండా చుట్టాలు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినట్టు, ఏ పంచాంగంలోనూ లేనిది కూడా వస్తుంది. అలాంటప్పుడు లక్ష్యం ఏమైందని ఎవరూ అడగకూడదు, మనల్ని మనమూ అడుక్కోకూడదు.

అందుకని నేను చెప్పేది ఇదీ. జనవరి ఒకటిన చేసే పని రాసేముందు, ఎక్కడ తెగుతుందో ఆ చోట్లు రాయండి. ఒక్కోదాని పక్కన, అది వస్తే ఇది చేస్తాను అని ఒక వాక్యం. ఊరెళ్తే చేనుగట్టు మీద పావుగంట నడుస్తాను. ఎండలు ముదిరితే ఐదుంబావుకి మారుస్తాను, కుదరకపోతే ఇంట్లో మెట్లు. పెళ్లిభోజనం ఉన్న రోజు రాత్రికి మజ్జిగ. జూన్ ఫీజుకి జనవరి నుంచే విడిగా తీస్తాను. చీటీ కడుతున్నవాళ్లకి ఇది కొత్త కాదు. చీటీలో పొదుపు ఎందుకు జరుగుతుంది? నెలకో తేదీ ఉంది, నలుగురు చూస్తుంటారు, కట్టకపోతే పాట పాడినవాడు ఊరుకోడు. మీరు చేసుకునే పనికీ ఆ మాత్రం ఏర్పాటు కావాలి.

ఇంకో సంగతి త్వరగా చెప్పేస్తాను. లక్ష్యాల క్లాసుల్లో ఒక కథ చెప్తారు. 1953లో యేల్ విశ్వవిద్యాలయంలో చదువు ముగించిన వాళ్లలో 3 శాతం మందే లక్ష్యాలు కాగితం మీద రాసుకున్నారనీ, ఇరవై ఏళ్ల తర్వాత వాళ్ల ఆస్తి మిగతా 97 శాతం మంది ఆస్తికన్నా ఎక్కువనీ. అలాంటి అధ్యయనం అసలు జరగనే లేదు. రాసుకోవడం మంచిదే, కానీ అబద్ధం చెప్పి అమ్మక్కర్లేదు. నిజమైన లెక్కలే ధైర్యం ఇస్తాయి. జాన్ నార్‌క్రాస్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 2002లో ఇచ్చిన లెక్క చూడండి. మారాలని కోరిక ఉండి, కొత్త సంవత్సరానికి తీర్మానం చేసుకున్నవాళ్లలో 46 శాతం ఆరు నెలల తర్వాత కూడా నిలబడి ఉన్నారు. అదే కోరిక ఉండీ తీర్మానం చేసుకోని వాళ్లలో 4 శాతం. ఆయనే అంతకుముందు 200 మందిని రెండేళ్లు గమనించాడు. చివరికి నిలబడింది 19 శాతం. వాళ్లలోనూ సగానికి పైగా మధ్యలో కనీసం ఒక్కసారి జారినవాళ్లే.

కొత్త మొదలుకి తేదీ సాయం చేస్తుందన్నదీ నిజమే. వారం మొదట్లో, నెల మొదట్లో, ఏడాది మొదట్లో జిమ్‌కి వెళ్లేవాళ్లు పెరుగుతారని 2014లో అమెరికా పరిశోధకులు చూపించారు. ఆ లెక్కన మనం అదృష్టవంతులం, జనవరి పోతే ఉగాది, ఉగాది పోతే జూన్, అదీ పోతే విజయదశమి, కార్తీకం. కాకపోతే ఫిబ్రవరి రెండో వారంలో ఆగిపోయి, ఉగాది నుంచి మొదలుపెడతాలే అనేవాళ్లని చాలామందిని చూశాను. ముహూర్తం మొదలుపెట్టడానికి ఉండాలి, ఆపడానికి కాదు కదండీ.

ఇంక మాల దగ్గరికి. మీరు మార్చి నెలాఖరు దాకా రాసుకుంటే, ఏప్రిల్ ఒకటిన ఏం చేస్తారో ఇవాళే రాయండి. అప్పుడు ఏర్పాట్లన్నీ ఒక్కసారి తియ్యకండి. వారానికి నాలుగు రోజులు మూడు కావచ్చు. తోడు వచ్చే మనిషి, గోడ మీద కాగితం, ఈ రెండూ మాత్రం ఉండనివ్వండి. మాల తీసిన స్వాముల్లో సిగరెట్టు మళ్లీ ముట్టని వాళ్లూ నాకు తెలుసు. వాళ్లని అడిగితే ఎక్కువ మంది చెప్పేది ఒకటే, శనివారం భజనకి వెళ్లడం మానలేదని.

నా మాటలు ఇంతే. ప్రశ్నలుంటే అడగండి.

(సభలో మూడో వరస నుంచి ఒక మహిళ: మా ఇంట్లో ఆయన ఏటా మాల వేసుకుంటారండీ. ఆయన నాలుగింటికి లేస్తే నేను మూడున్నరకి లేవాలి. మడిగా వండాలి, భిక్షకి వచ్చే స్వాములకి పెట్టాలి. మీరు చెప్పిన ఏర్పాటు అంతా మేమే కదా. మరి మా లక్ష్యం చుట్టూ ఏర్పాటు ఎవరు చేస్తారు?)

(చప్పట్లు)

అమ్మా, ఇందాక నేను పేరు, బట్టలు, భజన, గురుస్వామి అని నాలుగు చెప్పాను. ఐదోది మీరు చెప్పారు, అది మిగతా నాలుగింటికన్నా పెద్దది. ఇంట్లో ఒకరు నియమంగా ఉండాలంటే ఇంకొకరి నిద్ర ఖర్చవుతోంది. దానికి నా దగ్గర పరిశోధన ఏదీ లేదు, మామూలు మాటే చెప్తాను. మీరేం చెయ్యాలనుకుంటున్నారో అడగొచ్చా?

(ఆమె: డిగ్రీ మధ్యలో ఆగిపోయిందండీ. ఓపెన్ యూనివర్సిటీలో పూర్తి చెయ్యాలని.)

చాలా మంచిది. రోజుకి ఒక గంట కావాలి అనుకుందాం. ఆ గంట ఏదో మీరు రాయండి, సాయంత్రం ఆరు నుంచి ఏడు అనుకోండి. ఆ కాగితం ఫ్రిజ్ మీద అంటించండి, డైరీలో దాచుకుంటే ఎవరికీ కనబడదు. మీ గంట పక్కనే ఆ గంటలో పాలు ఎవరు కాస్తారు, తలుపు కొడితే ఎవరు తీస్తారు, పిల్లల హోంవర్క్ ఎవరు చూస్తారు, మనిషి పేరుతో సహా రాయండి. ఎవరో ఒకరు చూస్తారులే అని రాస్తే ఆ ఎవరో ఒకరు మీరే అవుతారు. ఆయన మాలలో ఉన్న 41 రోజులకీ విడిగా రాయండి, ఆ రోజుల్లో మీ గంట మధ్యాహ్నానికి మారుతుందేమో చూడండి. పరీక్షల తేదీలు వచ్చాక ఇంకోసారి మార్చండి.

(ఆమె: పేరు రాస్తే చేస్తారంటారా?)

(నవ్వులు) ఆయన సభకి వచ్చారా అమ్మా? తలుపు దగ్గర నల్లబట్టల్లో నిలబడ్డారే, ఆయనేనా? స్వామీ, ఒక్క నిమిషం మైకు దగ్గరికి రండి, మీతో పనుంది.